మూడేళ్లుగా ఫ్యూజన్‌తో: పర్లాకిమిడి నుంచి ఒక ఎడిటర్ సమీక్ష

ఒడిశాలోని పర్లాకిమిడిలో పెళ్లి వీడియోలు చేసే ఒక చిన్న స్టూడియోలో ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. డావిన్చి రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో ఉండే ఫ్యూజన్‌ను మూడేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను, అదీ ఉచిత వెర్షన్‌లోనే. మోషన్ గ్రాఫిక్స్ (అక్షరాలు, బొమ్మలు కదిలించడం), కంపోజిటింగ్ (ఒక బొమ్మ మీద ఇంకోటి కూర్చోబెట్టడం) దేనితో మొదలుపెట్టాలని నాకు తెలిసిన పిల్లలు అడుగుతుంటారు. నేనైతే ఫ్యూజన్‌తోనే మొదలుపెట్టమంటాను.

అంతకుముందు బరంపురంలో మూడు నెలల కోర్సు చేశాను. టెంప్లేట్ తెరవడం, పేర్లు మార్చడం, రెండర్ పెట్టడం (చివరి వీడియో ఫైలు తయారుచేయడం) నేర్పారు. సర్టిఫికెట్ చేతికొచ్చింది గానీ, ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ ఎలా కూర్చుంటుందో మాత్రం తెలియలేదు. అసలు పని అదే కదా!

ఫ్యూజన్ ఒకప్పుడు విడిగా అమ్మిన ప్రోగ్రాం. 2014లో రిజాల్వ్ తయారుచేసే బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ కంపెనీ దాన్ని కొంది, 2018లో రిజాల్వ్ 15లో ఒక పేజీగా చేర్చింది. ఇదే పనికి వాడే అడోబీ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో లేయర్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతాం. ఇక్కడ అలా కాదు. ఒక్కో పనికి ఒక్కో నోడ్, అంటే తెర మీద ఒక చిన్న పెట్టె, వాటిని కలిపే గీతలు. మొదటి పది రోజులు తెరంతా చిక్కుపడ్డ దారపుండలా కనిపించింది. రెండు బొమ్మల్ని కలిపే మెర్జ్ నోడ్ అర్థమయ్యాక ఆ చిక్కు విడిపోయింది. దానికి పసుపు రంగు ఇన్‌పుట్ బ్యాక్‌గ్రౌండ్‌కి (కింది బొమ్మ), ఆకుపచ్చది ఫోర్‌గ్రౌండ్‌కి (పై బొమ్మ), నీలం రంగుది మాస్క్‌కి (ఎంత మేర కనిపించాలో చెప్పే ఆకారం). ఏ నోడ్ దగ్గరైనా ఆగి 1 నొక్కితే, అంతవరకు జరిగిన పని వ్యూయర్‌లో కనిపిస్తుంది. తప్పు ఎక్కడ దొర్లిందో వెతుక్కోవడానికి ఇంతకంటే మంచి సదుపాయం నేను చూడలేదు.

మెర్జ్ లోపల జరిగేది చిన్న లెక్క. ప్రతి పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు ఆల్ఫా అని నాలుగో విలువ ఉంటుంది. అది 0 అయితే పూర్తిగా పారదర్శకం, 1 అయితే పూర్తిగా నిండుగా ఉన్నట్టు. కింది బొమ్మను (1 − ఆల్ఫా)తో గుణించి, పై బొమ్మను దానికి కలుపుతారు. లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేసిన థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో ఒక పరిశోధనా పత్రంలో ఈ లెక్కలను వివరించారు. ఇప్పటికీ అదే నడుస్తోంది. ఇందులో పై బొమ్మ రంగుల్ని ముందే ఆల్ఫాతో గుణించి ఉంచాలి. దాన్నే ప్రీమల్టిప్లైడ్ అంటారు.

ఈ మాట విలువ నాకు ఒక రిసెప్షన్‌లో తెలిసింది. వధూవరుల పేర్లు బంగారు రంగులో వేశాను. కొంచెం మెరుపు కావాలని బ్రైట్‌నెస్ నోడ్ పెట్టి పెంచాను. స్టూడియో మానిటర్‌లో బాగానే ఉంది. ఎల్ఈడీ గోడ మీద చీకటి సీను వచ్చేసరికి పేర్ల చుట్టూ బూడిద రంగు పెట్టె కనిపించింది. పెళ్లికూతురు బాబాయి గారు నా దగ్గరికొచ్చి, "బాబూ, పేరు వెనక ఆ మరక ఏమిటి?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత కారణం తెలిసింది: అక్షరాలు లేని ఖాళీ చోట ఆల్ఫా 0, రంగు కూడా 0. నేను వెలుగు పెంచితే ఆ సున్నా కూడా పెరిగింది. ఆల్ఫా మాత్రం సున్నాగానే ఉండిపోయింది కాబట్టి, పెరిగిన వెలుగు కింది బొమ్మకు కలిసిపోయింది. ఆ నోడ్‌లోనే 'ప్రీ-డివైడ్, పోస్ట్-మల్టిప్లై' అని ఒక టిక్ ఉంది. అది పెడితే ముందు ఆల్ఫాతో భాగించి, రంగు మార్చి, మళ్లీ గుణిస్తుంది. ఖాళీ చోటు ఖాళీగానే ఉంటుంది. అప్పటి నుంచి టైటిల్‌కి రంగు దిద్దితే ఆ టిక్ చూడకుండా రెండర్ పెట్టను.

ఇక అక్షరాల సంగతి. మా ఊళ్లో శుభలేఖలు తెలుగులోనూ ఒడియాలోనూ వేస్తారు, టైటిల్స్ కూడా రెండిట్లో అడుగుతారు. ఏ ప్రోగ్రాం కొత్తగా తీసుకున్నా నేను ముందు 'జ్యోత్స్న' అని టైప్ చేసి చూస్తాను. వత్తులు చెదరకుండా నిలబడితేనే దానితో పేర్లు రాస్తాను. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పాత వెర్షన్లు వాడేవాళ్లు ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్' ఇంజిన్ ఎంచుకోవాలి. నేను మాత్రం పేర్లన్నీ ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలో రాసి, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకుంటాను. అది కూడా ఉచితమే, తెలుగు వత్తులు, ఒడియా యుక్తాక్షరాలు రెండూ కుదురుగా వస్తాయి. పీఎన్‌జీలో ఆల్ఫా స్ట్రెయిట్‌గా, అంటే రంగును గుణించకుండా ఉంటుంది. అందుకే రిజాల్వ్‌లో ఫైళ్లు ఉండే మీడియా పూల్‌లో క్లిప్ ఆట్రిబ్యూట్స్ తెరిచి, ఆల్ఫా మోడ్ స్ట్రెయిట్ అని ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే అక్షరాల అంచులు గరుకుగా, లావుగా కనిపిస్తాయి. ఈ పద్ధతిలో ఒక్కో అక్షరాన్ని విడిగా ఆడించలేం. నాకు అది లోటనిపించలేదు. అంచు మెత్తగా ఉన్న రెక్టాంగిల్ మాస్క్‌ను ఎడమ నుంచి కుడికి 12 ఫ్రేముల్లో తెరిస్తే, సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో దాదాపు అరసెకనులో పేరు నిండుగా వస్తుంది.

ట్రాకింగ్‌లో, అంటే వీడియోలో కదిలే వస్తువును వెంబడించడంలో, ఒక జాగ్రత్త చెప్పాలి. పశువుల కొమ్ములతో చేసే పర్లాకిమిడి బొమ్మలు తెలిసినవే కదా, ఆ బొమ్మలమ్మే ఒకాయన ఫోన్‌తో తీసిన వీడియో తెచ్చారు. దుకాణం బోర్డు మీద కొత్త పేరు అతికించాలి. చదునైన వస్తువుల్ని వెంబడించే ప్లానార్ ట్రాకర్ పెడితే పేరు బోర్డు మీద నిలవకుండా జారిపోయింది. ఫోన్ వీడియోలో ఫ్రేముల వేగం మారుతూ ఉండడమే కారణం. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రాంలో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చి మళ్లీ ట్రాక్ చేస్తే చక్కగా కూర్చుంది.

ఫ్యూజన్ వాడాలంటే 32 జీబీ ర్యామ్ ఉండాలని తయారీదారులే సూచిస్తారు. మా కంప్యూటర్‌లో 16 జీబీయే ఉంది. ఇరవై నోడ్ల వరకు టెన్షన్ లేదు, అది దాటితే ప్లేబ్యాక్ నత్తనడకే. ఉచిత వెర్షన్‌లో 3840×2160 వరకు రెండర్ చేసుకోవచ్చు, పెళ్లి పనికి అది చాలు. డబ్బు పెట్టి కొనే 'స్టూడియో' వెర్షన్‌కి నెలనెలా చందా కట్టనక్కర్లేదు, ఒకసారి కొంటే సరిపోతుంది. మనిషిని వెనక దృశ్యం నుంచి తనంతట తానే వేరుచేసే మ్యాజిక్ మాస్క్ కోసం కొనాలని ఉంది గానీ, ముందు ర్యామ్ వేయించుకోవాలి.

ఈ నెలలో కాశీనగర్ నుంచి ఒక తమ్ముడు పని నేర్చుకోవడానికి వచ్చాడు. ఒక బ్యాక్‌గ్రౌండ్, ఒక పీఎన్‌జీ, ఒక మెర్జ్ ఇచ్చి, వాళ్ల అమ్మ పేరు తెర మీదికి తెమ్మన్నాను. నాలుగో రోజున, "అన్నా, అంచు ఎందుకు గరుకుగా వస్తోంది?" అని వాడే అడిగాడు.