ఎన్ లైనా, రేసరా, మామూలు ఐ20నా? మన హనుమకొండ రోడ్లకు ఏది మేలు?

మా బామ్మర్ది ఇల్లు హనుమకొండలో, ఉద్యోగం కరీంనగర్‌లో. వారంలో నాలుగు రోజులు హుజూరాబాద్ మీదుగా పోయి వస్తాడు. ఇన్నాళ్లూ బస్సు, అప్పుడప్పుడు దోస్తు కారు. ఇప్పుడు సొంతంగా కొనాలి, అన్నీ కలిపి పదకొండు లక్షల చుట్టూ కావాలి. ఇక్కడిదాకా ఇంట్లో అందరిదీ ఒకే మాట. ఆ తర్వాతే గొడవ మొదలైంది. నక్కలగుట్టలో సిగ్నల్ పడగానే ఎవరిదో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, అంటే ఐ20కే స్పోర్ట్స్ సోకు చేసిన కారు, కదిలింది. వెనక జంట గొట్టాల సైలెన్సర్ చేసిన చప్పుడు మావాడి చెవిలో పడింది. "బావా, కొంటే గదే కొంట" అన్నాడు. మా అత్తమ్మేమో "గా పైసలకు జర ఎత్తుండే బండి వస్తది గదరా" అంది.

ఎత్తు బండ్ల సంగతి పక్కన పెట్టించి, ముందు చిన్న కార్లలోనే తేల్చుకుందామని నేను మధ్యలో దూరాను. నా దగ్గరున్నది పదేళ్ల స్విఫ్ట్. స్పోర్ట్స్ కార్ల మీద నాకు పెద్ద మోజు లేదు. కానీ రెండు నెలల పాటు ఎన్ లైన్, టాటా వాళ్ల ఆల్ట్రోజ్ రేసర్, మామూలు ఐ20 మూడూ నడిపి చూశాక నా అభిప్రాయం కొంత మారింది.

ముందుగా పేరు దగ్గర పడే పొరపాటు ఒకటి. ఎన్ లైన్ అంటే ఎన్ కాదు. హ్యుందాయ్ విదేశాల్లో అమ్మిన ఐ20 ఎన్ వేరే జాతి. దానికి 1.6 లీటర్ల టర్బో (గాలిని బలంగా లోపలికి నెట్టి శక్తి పెంచే ఏర్పాటు) ఇంజన్, 204 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి. కొరియాలో వాళ్ల పరిశోధన కేంద్రం ఉన్న నామ్‌యాంగ్, జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ ట్రాక్, ఈ రెండింటి మొదటి అక్షరం కలిసొచ్చేలా పెట్టిన పేరది. 2024లో థియరీ న్యూవిల్ ప్రపంచ ర్యాలీ చాంపియన్ అయింది ఐ20 ఎన్ పేరుతో ఉన్న ర్యాలీ కారుతోనే. మన దగ్గర దొరికేది ఆ ఇంటి చిన్నోడు. 998 సీసీ, మూడు సిలిండర్ల టర్బో, 120 పీఎస్. చొక్కా అన్నయ్యది, ఒళ్లు తమ్ముడిది. అది తెలిసి కొంటే బాధ లేదు.

టాటా ఆల్ట్రోజ్ రేసర్ 2024 జూన్‌లో వచ్చింది. 1.2 లీటర్ల టర్బో, దీనిదీ 120 పీఎస్సే. అంతకుముందు ఆల్ట్రోజ్‌లో ఉన్న టర్బోకు 110 పీఎస్, 140 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం) ఉండేవి. రేసర్‌కు నెక్సాన్ ఇంజన్ పెట్టి టార్క్‌ను 170కి తెచ్చారు, ఆరు గేర్లు ఇచ్చారు. బానెట్ మీద చారలు, లోపల నారింజ రంగు గీతలు అదనం. ఆ చారలు చూసి మా అత్తమ్మ "ఇది స్కూలు పోరగాండ్ల బండా?" అని అడిగింది.

మూడోది మామూలు ఐ20. 1.2 లీటర్ల ఇంజన్, టర్బో లేదు, మాన్యువల్‌లో 83 పీఎస్, 115 న్యూటన్ మీటర్లు. 2023 సెప్టెంబరు మార్పుల తర్వాత హ్యుందాయ్ టర్బోను మామూలు ఐ20 నుంచి తీసేసి ఎన్ లైన్‌కే ఉంచింది. అంటే ఐ20లో టర్బో కావాలంటే ఎన్ లైన్ ఒక్కటే దారి.

కాగితం మీద 120కి, 83కి తేడా 37 పీఎస్. రోడ్డు మీద మనకు తెలిసేది అది కాదు. ఇంజన్ ఏ వేగంలో తిరుగుతున్నప్పుడు బలం అందుతుందన్నదే అసలు సంగతి. ఎన్ లైన్‌లో 172 న్యూటన్ మీటర్లు 1500 ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) నుంచే మొదలై 4000 దాకా ఉంటాయి. రేసర్‌లో 1750 నుంచి. మామూలు ఐ20లో ఆ 115 పూర్తిగా అందాలంటే ముల్లు 4200 దాకా ఎక్కాలి.

ఇది నాకు అర్థమైంది ములుగు రోడ్డు మీద. ఒక ఆదివారం దోస్తు ఎన్ లైన్ అడిగి తీసుకుని రామప్పకు పోయాం. నేను, బామ్మర్ది ముందు. మా ఆవిడ, అత్తమ్మ వెనక. ఆ దారిలో ఇసుక లారీల వరుస ఎట్లా ఉంటుందో తెలిసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. ఒకదాని తోకకు ఇంకోటి, మధ్యలో దూరే సందు ఉండదు. నా స్విఫ్ట్‌లో అయితే నాలుగు నుంచి మూడుకు, ఒక్కోసారి రెండుకు గేరు దించి, ఇంజన్ అరుస్తుంటే, ఎదురుగా వచ్చే బస్సును చూసి మళ్లీ వెనక్కి తగ్గడం అలవాటు. ఎన్ లైన్‌లో మూడో గేరులోనే కాలు నొక్కితే ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, ఆ తర్వాత ఒక్కసారిగా లాగింది. రెండు లారీలు దాటి మన వరుసలోకి వచ్చేసరికి ఎదుటి బస్సు ఇంకా దూరంలోనే ఉంది. ఎదుటి వరుసలో ఉండే ఆ నాలుగైదు సెకన్లు తగ్గడమే మన రోడ్ల మీద టర్బో ఇచ్చే అసలు లాభం. 150 వేగంతో ఇక్కడ ఎవడికీ పని లేదు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చిన ఊళ్లలో 60 కూడా ఎక్కువే.

ఆ ఒక్క క్షణం ఆలస్యం మాత్రం గుర్తుపెట్టుకోవాలి. మామూలు ఇంజన్‌కు అలవాటు పడ్డ కాలు అక్కడ తప్పు లెక్క వేస్తుంది. కాలు నొక్కాక టర్బో నిండే దాకా ఆగి, అప్పుడు బయటికి తీయాలి. రేసర్‌లో ఈ ఆలస్యం నాకు ఇంకొంచెం ఎక్కువ అనిపించింది. ఊళ్లో రెండో గేరులో నెమ్మదిగా పోతున్నప్పుడు అది కాస్త మొద్దుబారినట్టు ఉంటుంది. 2000 దాటాక రెండూ దాదాపు ఒకటే, కాకపోతే ఎన్ లైన్ ఇంజన్ నున్నగా తిరుగుతుంది, రేసర్ ఇంజన్ గరగరమంటుంది. గేరు మార్చడంలోనూ హ్యుందాయ్ చేతికి తేలిక.

బ్రేకుల్లో ఎన్ లైన్‌దే పైచేయి. నాలుగు చక్రాలకూ డిస్కులు ఉన్నాయి. 120 పీఎస్ ఇచ్చి, రేసర్ అని పేరు పెట్టి, వెనక డ్రమ్ములతో సరిపెట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

ఇంతవరకూ చదివితే ఎన్ లైన్ గెలిచేసినట్టే ఉంది కదా. అయితే ఆ రోజు వెనక సీట్లో కూర్చున్నది నేను కాదు, అత్తమ్మ. ఎన్ లైన్‌కు మామూలు ఐ20 కంటే గట్టి సస్పెన్షన్ ఇచ్చారు, స్టీరింగ్ కూడా బరువుగా ఉంటుంది. నడిపేవాడికి అది హాయి. మలుపులో కారు ఒరగదు, చెప్పిన చోటికి పోతుంది. వెనక కూర్చున్న వాళ్లకు మాత్రం ప్రతి అతుకూ, ప్రతి గుంతా లెక్క తెలుస్తుంది. రామప్ప గుడి దగ్గర దిగి నడుము పట్టుకుని, "అల్లుడా, బండి మంచిగనే ఉన్నది. రోడ్డే మంచిగ లేదు" అంది. ఇంతకంటే సరైన రివ్యూ నేను ఎక్కడా చదవలేదు.

అదే రోడ్డు మీద రేసర్ కుదుపును బాగా మింగింది. దాంట్లో రేసింగ్ కంటే సంసారం ఎక్కువ. తలుపులు దాదాపు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. డిక్కీ 345 లీటర్లు, ఐ20లో 311. పై వేరియంట్‌లో ముందు సీట్లకు గాలి వచ్చే ఏర్పాటు ఉంది. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు వరంగల్‌లో కారు ఎక్కినవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

భద్రత విషయంలో రెండు పాత పరీక్షలు చెప్పుకోవాలి. 2020 జనవరిలో కార్లను గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఆల్ట్రోజ్‌కు 5 నక్షత్రాలు వచ్చాయి. 2022లో రెండు ఎయిర్‌బ్యాగులున్న ఐ20కి 3 వచ్చాయి, బాడీ నిలకడ సరిపోదన్నారు. ఆ తర్వాత ఐ20కి ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలో ఇచ్చారు. కానీ ఎయిర్‌బ్యాగులు పెరిగితే బాడీ గట్టిపడదు కదా. రోజూ ఇసుక లారీల మధ్య తిరిగే వాడికి ఈ తేడా పట్టించుకోదగ్గదే. మా ఇంట్లో రేసర్ వైపు పడ్డ గట్టి ఓటు ఇదే.

ఇక పైసల లెక్క. ఎన్ లైన్ 2023 సెప్టెంబరులో 9.99 లక్షల ఎక్స్ షోరూమ్ ధరతో, రేసర్ 2024 జూన్‌లో 9.49 లక్షలతో మొదలయ్యాయి. 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజన్ ఉంటే చాలు, టర్బో ఉన్నదా లేదా అని ప్రభుత్వం అడగదు. కాబట్టి ఈ మూడింటికీ ఆ తగ్గింపు వర్తించింది. మన దగ్గర ఇంకో గీత కూడా ఉంది. ఎక్స్ షోరూమ్ ధర పది లక్షలు దాటితే లైఫ్ ట్యాక్స్ శాతం పెరుగుతుంది. రంగు కోసమో, సన్‌రూఫ్ కోసమో పై వేరియంట్‌కు పోయి ఆ గీత దాటితే వేరియంట్ తేడాతో పాటు పన్ను తేడా కూడా మీదే.

ఇన్సూరెన్సులో ఒక తమాషా ఉంది. థర్డ్ పార్టీ ప్రీమియం శక్తిని బట్టి కాదు, సీసీని బట్టి. 2022 జూన్ రేట్ల ప్రకారం కొత్త కారుకు మూడేళ్లకు 1000 సీసీ లోపైతే 6,521 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ దాకా అయితే 10,640. అంటే 120 పీఎస్ ఎన్ లైన్‌కు తక్కువ, 83 పీఎస్ మామూలు ఐ20కి ఎక్కువ! బామ్మర్ది ఇది విని ఎగిరి గంతేశాడు. పెట్రోల్ లెక్క చెప్పాక దిగాడు.

రామప్ప పోయి వచ్చాక ట్యాంకు నింపి చూస్తే ఎన్ లైన్ లీటరుకు 14 చిల్లర ఇచ్చింది. హనుమకొండ చౌరస్తా, హంటర్ రోడ్డు తిరుగుడుకైతే దోస్తుకు 11 దాటదట. మామూలు ఐ20 ఊళ్లో 13, 14 ఇస్తుంది, రోడ్డెక్కితే 18. మావాడి తిరుగుడు నెలకు దాదాపు 2,000 కిలోమీటర్లు, ఎక్కువ భాగం కరీంనగర్ రోడ్డే. ఒకదానికి 14, ఇంకోదానికి 17 వేసుకున్నా నెలకు పాతిక లీటర్ల తేడా. లీటరు 107 అనుకుంటే రెండున్నర వేల పైనే. ఐదేళ్లకు లక్షన్నర దాటుతుంది. ఆ నాలుగైదు సెకన్ల ధర అది.

ఆటోమేటిక్ కావాలంటే రేసర్ పోటీలోనే లేదు, అది మాన్యువల్ మాత్రమే. ఎన్ లైన్‌లో ఏడు గేర్ల డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) ఉంది. రోడ్డు మీద అది బాగుంటుంది, చేత్తో మార్చే దానికంటే వేగంగా మారుస్తుంది. కానీ అది డ్రై క్లచ్ రకం, చల్లబరిచే నూనె ఉండదు. కాజీపేట బ్రిడ్జి మీద సాయంత్రం పాకే ట్రాఫిక్‌లో, మేడారం జాతరప్పుడు గంటలు గంటలు ఇంచు ఇంచు జరిగే చోట క్లచ్ వేడెక్కుతుంది. ఊళ్లోనే తిరిగే వాళ్లకు ఆటోమేటిక్ కావాలంటే మామూలు ఐ20లోని ఐవీటీ (గేర్ల మెట్లు లేని ఆటోమేటిక్) మేలు. అది మెత్తగా పోతుంది, ఉత్సాహం ఆశించకండి.

సెకండ్ హ్యాండ్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ అనే నాలుగో మాట కూడా మావాడు ఎత్తాడు. నడపడానికి ఇప్పటికీ దానికి సాటి తక్కువే, నేను ఒప్పుకుంటాను. కానీ పోలో 2022లోనే ఆగిపోయింది. ఈ రకం కార్ల చరిత్రే అంత. 145 హెచ్‌పీ పుంటో అబార్త్, బలేనో ఆర్‌ఎస్, టియాగో జేటీపీ అన్నీ ముచ్చటగా వచ్చి, కొనేవాళ్లు చాలక పోయాయి. రోజూ ఆఫీసుకు పోయే బండికి విడిభాగం కోసం హైదరాబాద్ ఫోన్లు చేస్తూ కూర్చునే ఓపిక ఉంటేనే ఆ దారి.

నా మాట ఏమిటంటే, నెలలో ఎక్కువ దూరం ఒక్కరే నడిపితే, అదీ రెండు వరుసల రోడ్ల మీదైతే, ఎన్ లైన్ మాన్యువల్. పై వేరియంట్ జోలికి పోవద్దు. వెనక సీటు ఖాళీగా ఉండని ఇల్లయితే రేసర్, వెనక డ్రమ్ములున్నా సరే. నెలకు 600, 700 కిలోమీటర్లు, అదీ ఊళ్లోనే అయితే టర్బోకు పెట్టే డబ్బు దండగ, మామూలు ఐ20 తీసుకుని మిగిలిన దాంతో మంచి టైర్లు వేయించుకోండి.

షోరూమ్ వాళ్లు ఇచ్చే ఐదు కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్‌లో ఇవేవీ తెలియవు. నున్నటి రోడ్డు మీద తిప్పి తెచ్చేస్తారు. వరుస స్పీడ్ బ్రేకర్లున్న గల్లీకి తీసుకుపోతానని గట్టిగా అడగండి. వెనక సీట్లో ఇంట్లో పెద్దామెను కూర్చోబెట్టుకోండి.

మావాడు ఎన్ లైన్‌లో కింది వేరియంట్ ఎన్6 మాన్యువల్ బుక్ చేశాడు. అత్తమ్మ ఒక్క షరతు పెట్టింది: రామప్పకు, మేడారానికి మాత్రం నా స్విఫ్ట్‌లోనే వస్తుందట.