నరాల బలహీనతకు పోస్టరు వైద్యుడా, మెడికల్ షాపా, పెద్ద దవాఖానా: ఏది మేలు?

దేవరకొండలోనైనా జడ్చర్లలోనైనా, జనం నరాల బలహీనత అని పిలిచే అంగస్తంభన సమస్య వచ్చిన మగవాడికి మూడు దారులు కనబడతాయి. బస్టాండు గోడల మీద పోస్టర్లు అంటించి లాడ్జి గదిలో కూర్చునే వైద్యుడు ఒకటి. చీటీ లేకుండా మాత్ర ఇచ్చే మెడికల్ షాపు రెండోది. జిల్లా కేంద్రంలోని పెద్ద దవాఖాన మూడోది. మొదటి రెండు చోట్ల ఎవరూ ఏమీ అడగరు కాబట్టి మనసు అటే పోతుంది. నా దృష్టిలో వాటి లోపమూ అదే.

ముందు ఇది జబ్బా కాదా తెలుసుకోవాలి. పొద్దంతా పనిచేసి అలిసిపోయినప్పుడో, మందు ఎక్కువైనప్పుడో ఒకటి రెండుసార్లు అంగం గట్టిపడకపోతే అది జబ్బు కాదు. మూడు నెలలుగా తరచూ గట్టిపడకపోయినా, గట్టిపడి మధ్యలోనే మెత్తబడిపోతున్నా చూపించుకోవాలి. పుణె, ముంబై పనులకు పోయి నెలల తర్వాత ఇంటికొచ్చిన పాలమూరు యువకుడికి భార్య దగ్గర తడబాటు ఉండి, తెల్లవారుజామున మాత్రం మామూలుగానే గట్టిపడుతుంటే అది ఎక్కువగా టెన్షన్ వల్లే. నలభై దాటినవాళ్లకు మెల్లమెల్లగా తగ్గుతూ పొద్దుటి స్తంభన కూడా పోతే రక్తనాళాల మీద, షుగర్ మీద అనుమానం పెట్టుకోవాలి. రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉంటారు. శీఘ్రస్ఖలనం వేరే సమస్య, దాని వైద్యం వేరు. పోస్టర్లలో అన్నీ ఒకే మూటగా కడతారు.

ఆ పోస్టరు వైద్యుడి సంగతి త్వరగానే తేలిపోతుంది. లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. చిన్నప్పటి హస్తప్రయోగం వల్లే ఇలా అయ్యిందని భయపెడతారు. అందులో నిజం లేదు. ఇలా అమ్మే కొన్ని మూలికల పొడుల్లో షాపులో దొరికే స్తంభన మాత్రల్లోని మందు సిల్డెనాఫిల్‌ను పేరు చెప్పకుండా కలిపినట్టు పరీక్షల్లో బయటపడిన ఉదాహరణలు చాలా ఉన్నాయి. అందుకే అవి పనిచేసినట్టు అనిపిస్తాయి. ఎంత మోతాదు పడిందో మాత్రం తెలియదు. సరిగా చేయని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటే కిడ్నీలు దెబ్బతింటాయి. రిజిస్టరైన ఆయుర్వేద డాక్టరు చీటీ రాసి ఇవ్వడం వేరు, పేరు లేని డబ్బాకు వేలు పోయడం వేరు.

మెడికల్ షాపు మాత్ర విషయంలో నాకు అంత వ్యతిరేకత లేదు. మందు మంచిదే. సిల్డెనాఫిల్ 1998లో అమెరికాలో అనుమతి పొందినప్పటి నుంచి ప్రపంచమంతా వాడుతోంది. కలయికకు గంట ముందు వేసుకుంటే నాలుగైదు గంటలు ప్రభావం ఉంటుంది. మటన్ కూరతో కడుపునిండా తిన్నాక వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. అదే రకం మరో మందు టడలఫిల్‌కు తిండితో పేచీ లేదు, ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. గడియారం చూసుకుంటూ కంగారుపడేవాళ్లకు నేనైతే టడలఫిల్ మేలంటాను. ఏదైనా సరే, కోరిక లేకుండా ఒట్టి మాత్రతో స్తంభన రాదు. నాలుగు గంటలు దాటినా అంగం మెత్తబడకపోతే వెంటనే ఎమర్జెన్సీకి పోవాలి.

ప్రమాదం ఇంకోచోట ఉంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు ఈ మాత్రలు వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చీటీ అడగని షాపులో ఈ సంగతి కూడా అడగరు.

పెద్ద దవాఖానే మేలు అనడానికి అసలు కారణం గుండె. బత్తాయి తోటలో డ్రిప్ వేసిన రైతుకు తెలుసు, నీళ్లలో మడ్డి ఉంటే పెద్ద పైపుకన్నా ముందు సన్న రంధ్రమే మూసుకుంటుంది. అంగానికి రక్తం తెచ్చే నాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్లే, గుండెవి మూడు నాలుగు. కొవ్వు పేరుకునే జబ్బు మొదట అంగం దగ్గర బయటపడి, రెండు నుంచి ఐదేళ్ల తర్వాత గుండెపోటుగా రావచ్చు. షాపు మాత్ర ఆ హెచ్చరికను కప్పేస్తుంది. డాక్టరు మాత్రం బీపీ చూసి, పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, అవసరమైతే పొద్దుటి పూట మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పరీక్షలు రాస్తారు. కొన్ని బీపీ మాత్రలు, డిప్రెషన్ మందులు కూడా ఈ సమస్య తేవచ్చు. వాటిని మనంతట మనం ఆపకూడదు, అడిగితే మార్చి రాస్తారు.

బీడీ, గుట్కా, మద్యం సంగతి దాచకుండా చెప్పాలి. కల్లు సంగతి ఇంకా ముఖ్యం. మన దిక్కు కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపాం అనే మత్తు మందులు కోరికను, స్తంభనను రెండింటినీ మందగింపజేయవచ్చు. దాన్ని ఒక్కరోజులో మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. అందుకే డాక్టరు సాయంతోనే మానాలి.

పెద్ద దవాఖానలో ఇబ్బందులు లేవనను. ఓపీలో రద్దీ, పక్కన నలుగురు వింటుంటే నోరు పెగలదు. చీటీ రాయించేచోట షుగర్, బీపీ చూపించుకోవాలని చెప్పి జనరల్ మెడిసిన్‌కు పోతే చాలు. డాక్టరు దగ్గర మాత్రం తలుపు దగ్గరికి వేయమని అడిగి, "సార్, సంసారం విషయంలో ఇబ్బంది ఉంది" అంటే అర్థమైపోతుంది. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. అవసరమైతే అక్కడి నుంచే పై డాక్టరుకు రాస్తారు.

టెన్షన్ వల్ల అని తేలితే భార్యను కూడా కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లాలి. ఆమె చాలాసార్లు తనమీద ఇష్టం పోయిందేమోనని లోలోపల కుమిలిపోతుంటుంది. మాత్ర ఒకసారి పనిచేయకపోతే వదిలేయకుండా మళ్లీ డాక్టరును కలవాలి. మోతాదు మార్చుతారు, వేసుకునే పద్ధతి సరిచూస్తారు. అప్పటికీ కుదరకపోతే వ్యాక్యూమ్ పంపు, అంగానికి చేసే ఇంజెక్షన్, చివరికి ఆపరేషన్ దాకా దారులున్నాయి.