ఫ్లింక్‌లో డేటాను పాయలుగా చీల్చడం: కొన్ని మిర్చి సీజన్ల తరువాత

నిరంతరం వచ్చే డేటాను వచ్చింది వచ్చినట్టే ప్రాసెస్ చేసే సాఫ్ట్‌వేర్ అపాచీ ఫ్లింక్. అందులో నాకు మొదటి నుంచీ నచ్చినది సైడ్ అవుట్‌పుట్, అంటే ఒకే ప్రవాహం నుంచి పక్క పాయలు తీసే సదుపాయం. వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల సెన్సర్లు పంపే ఉష్ణోగ్రతలను హనుమకొండలోని మా చిన్న బృందం దీనితోనే పాయలుగా చీలుస్తుంది: ఒకటి హెచ్చరికలకు, ఒకటి పాత లెక్కల భద్రతకు, మరొకటి ఆలస్యంగా వచ్చిన కొలతలకు. నెట్ పోయిన గోదాము కొలతలు తిరిగి చేరే సరికి, మిగిలిన గోదాముల కొలతల వల్ల వాటర్‌మార్క్ (ఏ సమయం దాకా కొలతలు వచ్చేశాయని ఫ్లింక్ అనుకుంటుందో చెప్పే గుర్తు) ముందుకు జరిగి ఆ విండో (కొలతలను కలిపి లెక్కించే కాలవ్యవధి) మూసుకుపోయి ఉంటుంది. మనం ఏమీ చెప్పకపోతే ఫ్లింక్ అలాంటి వాటిని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. ఒక్క పంక్తి రాస్తే వేరే పాయలోకి మళ్ళిస్తుంది. దీన్ని చూసే నేను మిత్రులందరికీ ఫ్లింక్‌ను సిఫారసు చేశాను.

ఆ సిఫారసుకు ఇప్పుడు ఒక షరతు చేర్చాలి. మార్కెట్‌కు మిర్చి పోటెత్తే మార్చి నెలలో ఒక సాయంత్రం, పాత లెక్కలు దాచే డేటాబేస్ బాగా నెమ్మదించింది. ఆ పాయ చివరన కొలతలను బ్యాచ్‌లుగా కూర్చి రాస్తాము కాబట్టి, ఒక్కో బ్యాచ్ రాయడం పూర్తయ్యే దాకా వెనుకనున్నవి ఆగాయి, బఫర్లు (డేటా ముందుకు పోయేలోపు ఆగే తాత్కాలిక చోట్లు) నిండాయి, చివరకు పాయలను చీల్చే ఆపరేటరే, అంటే ప్రోగ్రామ్‌లో ఆ పని చేసే భాగమే, నిలిచిపోయింది. చెరువుకు రెండు తూములుంటే ఒకటి పూడినా రెండోది పారుతుంది. ఇక్కడ మాత్రం ఒకటి పూడితే రెండూ ఎండుతాయి. జాబ్ (ఫ్లింక్‌లో నడిచే మా ప్రోగ్రామ్) నడుస్తున్నట్టే తెర మీద కనిపిస్తుండగా ఒక గోదాము మేనేజర్ ఫోన్ చేసి, "సార్, తలుపు తీసి గంటైతాంది, మీ మెసేజ్ రాలేదేంది?" అని అడిగారు.

దీన్ని ఫ్లింక్ లోపమని అనను, బ్యాక్‌ప్రెషర్ (ముందున్నది నెమ్మదిస్తే వెనుకనున్నదీ ఆగడం) పనిచేసే తీరే అది. కానీ సైడ్ అవుట్‌పుట్ అనగానే పాయలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనిపిస్తుంది. జాబ్ ఆగిపోతే తిరిగి అక్కడి నుంచే మొదలయ్యేలా ఫ్లింక్ అప్పుడప్పుడు దాచుకునే స్థితిని చెక్‌పాయింట్ అంటారు; డేటాతో పాటే ప్రయాణించే ఆ చెక్‌పాయింట్ల గుర్తులు సైతం నిండిన బఫర్ల వెనుక చిక్కుకొని, పది నిమిషాల డిఫాల్ట్ గడువు దాటి విఫలమయ్యాయి. 2020లో 1.11 వెర్షన్‌తో వచ్చిన అన్‌అలైన్డ్ చెక్‌పాయింట్లను (వీటి గుర్తులు బఫర్లలోని డేటాను దాటుకుపోగలవు) వాడితే అవి పూర్తయ్యాయి గాని, హెచ్చరికల ఆలస్యం తగ్గలేదు.

ఇప్పుడు మొదటి జాబ్ కొలతలను శుభ్రం చేసి కాఫ్కాలో (సందేశాలను దాచి అందించే వ్యవస్థ) వేర్వేరు టాపిక్‌లలో, అంటే వేర్వేరు వరుసల్లో, వేస్తుంది, ఒక్కో టాపిక్‌ను ఒక్కో జాబ్ తన వేగంతో చదువుకుంటుంది. దీనికీ ఖరీదుంది. ఎగ్జాక్ట్లీ వన్స్ (ప్రతి కొలత సరిగ్గా ఒక్కసారే చేరే పద్ధతి) పెట్టుకుంటే, కమిట్ అయినవే (ఖరారైనవే) చదివే జాబ్‌కు తదుపరి చెక్‌పాయింట్ దాకా ఏమీ కనిపించదు. అందుకే హెచ్చరికలకు అట్ లీస్ట్ వన్స్‌తో (కనీసం ఒక్కసారి చేరే పద్ధతి) సరిపెట్టుకొని, రెండుసార్లు వచ్చిన కొలతలను వాటి ఐడీ చూసి తీసేస్తున్నాము. బఫర్ నిండకపోయినా 100 మిల్లీసెకన్లకు పంపే డిఫాల్ట్ అమరికను మాత్రం ముట్టుకోలేదు, అంతలో మిర్చి బస్తా వేడెక్కదు కదా.

మా డేటా తక్కువ, హెచ్చరిక ఆలస్యమైతే నష్టం ఎక్కువ; కనుక అదనపు జాబ్‌ల నిర్వహణ భారం మాకు గిట్టుబాటైంది. పాయలన్నీ ఒకే గమ్యానికి చేరేవారికి, లేదా కొద్ది నిమిషాల ఆలస్యాన్ని ఓర్చుకోగలవారికి సైడ్ అవుట్‌పుట్ ఒక్కటే చాలవచ్చు.