ఏటికొప్పాక లక్కపిడతల దుకాణం: అడిగినదానికి నిజం చెప్పారు

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో వరాహ నది వైపు వెళ్లే వీధిలో, ఇంటి ముందుగదినే దుకాణంగా మార్చుకున్న ఒక కుటుంబం దగ్గర లక్కపిడతల సెట్టు కొన్నాను. నా స్నేహితురాలి మనవరాలి పుట్టినరోజుకు ఇవి. స్నేహితురాలు గత ఏడాది వేసవిలో పోయింది. ఉంటే ఈ బొమ్మలను తనే ఎంచేది, అందుకే తను అడిగే ప్రశ్నలన్నీ నేను అడిగాను.

ఆమె జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పేది. ఏ పెట్టె మీద 'సహజం' అని కనిపించినా, దేనితో చేశారో చెప్పమని అమ్మేవాళ్లను నిలబెట్టి అడిగేది. సరైన జవాబు రాకపోతే వస్తువు అక్కడే పెట్టి వచ్చేసేది. చెట్లు కొట్టేవాళ్ల మీద కన్నా, చెట్లను కాపాడుతున్నామని అబద్ధం చెప్పేవాళ్ల మీద ఆమెకు ఎక్కువ కోపం. ఏటికొప్పాకలో సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తేవడానికి ఏళ్ల తరబడి పాటుపడిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు తన తరగతిలో అందరికీ మిఠాయిలు పంచింది.

పసుపుకొమ్ముల నుంచి తీసిన రంగు ఎండకు నిలవదు. ఎప్పటికీ వెలవదని ఎవరైనా అంటే ఆమెకు అక్కడే అనుమానం వచ్చేది. అదే అడిగాను. "ఎండ తగిలే చోట పెట్టకండమ్మా, పసుపు వెలిసిపోతుంది" అన్నారు దుకాణం ఆయన. నీలానికి నీలిమందు, నారింజకు జాఫ్రా గింజలు, ఆకుపచ్చకు నీలిమందులో పసుపు కలుపుతామని చెప్పారు. నేను ముచ్చటపడి గులాబీరంగు బొంగరం ఒకటి చేతిలోకి తీసుకుంటే, "అది బయట కొన్న రంగు, చంటిపిల్లలకు వద్దమ్మా" అని తీసి పక్కన పెట్టారు. అమ్ముడుపోయే వస్తువును అలా వదులుకోవడం నేను మరెక్కడా చూడలేదు. ఈ దుకాణం గురించి రాయాలనిపించింది అందుకే.

ఈ బొమ్మలను అంకుడు కర్రతో చేస్తారు. ఆ చెట్లు తిరిగి నాటుతున్నారా అంటే మాత్రం, కర్ర కొనుక్కుంటామనీ, నరికినచోట నాటుతున్నారో లేదో తమకు తెలియదనీ అన్నారు. స్నేహితురాలు ఈ జవాబుకు తృప్తిపడేది కాదు, ఇంకా నాలుగు ప్రశ్నలు వేసేది. నాకూ తృప్తి లేదు. అయినా తెలియనిదాన్ని తెలియదని చెప్పారు.

పనితనం చక్కగా ఉంది. తిరుగుతున్న కర్రకు రంగు లక్కను అదిమిపెడితే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది, ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అంచులు ఎక్కడా గీసుకోవు. తిరగలి పిడి కాస్త వదులు. సెట్టు 650 రూపాయలు, బేరం లేదు. ప్లాస్టిక్ వద్దంటే పాత పత్రికల్లో చుట్టి ఇచ్చారు.

2017లో ఈ ఊరి పేరు మీద ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అయినా ఏ దుకాణానికి వెళ్లినా ఒక్కో రంగు గురించీ విడిగా అడగండి. ఇక్కడ ఏ బొమ్మకూ చీటీ లేదు, రంగు దేనితో చేశారో రాసి అంటిస్తే అడగడం రానివాళ్లకూ తెలుస్తుంది. ఆ మాట వాళ్లతో చెప్పి వచ్చాను. బిల్లు అడిగితేనే రాస్తారు. పొద్దున్నే వెళితే లక్క పట్టించడం చూడవచ్చు.