నెల్లూరులో ఎస్‌ఎస్‌డీ మార్పిడి సర్వీసు: బిగింపుకు తొమ్మిది మార్కులు, విండోస్‌కు ఐదే

ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తోందని ట్రంకు రోడ్డులో ఏ కంప్యూటర్ షాపుకు తీసుకెళ్లినా ఒకటే మందు చెబుతారు: హార్డ్ డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలోనే డేటా దాచే వేగమైన డిస్కు) వేద్దాం, ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగా ఎక్కిద్దాం. మందు సరైనదే. ఆన్ చేస్తే రెండు నిమిషాలు తిరిగే చక్రం పదిహేను, ఇరవై సెకన్లకు దిగుతుంది. అయితే ఈ సర్వీసులో బిగించే పనికి పదికి తొమ్మిది వేయొచ్చు గానీ, విండోస్ ఎక్కించే పనికి ఐదు దాటి వేయలేం. బిగింపు కంటికి కనబడుతుంది. ఎక్కించడంలో చేసిన తప్పు ఆరు నెలల తర్వాత గానీ బయటపడదు.

డిస్కుతో మొదలుపెడదాం. 2.5 అంగుళాల సాటా రకంలో (పాత హార్డ్ డిస్కు తగిలించే కనెక్షనే ఇది) క్రూషియల్ బీఎక్స్500, సామ్‌సంగ్ 870 ఈవో రెండింటినీ పోల్చి చూస్తే చాలు. చదివే వేగం సెకనుకు 540, 560 ఎంబీ. సాటా దారిలో అంతకు మించి పోదు కాబట్టి ఆ అంకెలు చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. తేడా వేరే చోట ఉంది. ఈవోలో సొంత డీర్యామ్ (ఏ డేటా ఎక్కడుందో గుర్తుంచుకునే వేగమైన మెమరీ) ఉంటుంది, అయిదేళ్ల వారంటీ, 500 జీబీ డిస్కులో 300 టీబీ దాకా రాయొచ్చని హామీ. బీఎక్స్500లో డీర్యామ్ లేదు, మూడేళ్ల వారంటీ, 480 జీబీకి 120 టీబీ. రోజుకు 20 జీబీ చొప్పున రాసినా ఆ 120 టీబీ కరగడానికి 16 ఏళ్లు పడుతుంది. ఇంటికి, ఆఫీసుకు బీఎక్స్500 బ్రహ్మాండంగా సరిపోతుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో వాళ్లు మాత్రం ఈవోకే వెళ్లాలి. 480 కొంటే విండోస్ 447 చూపిస్తుంది. అది షాపు మోసం కాదు, కంపెనీ జీబీని వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి, అంతే.

ఎం.2 స్లాట్ (చిన్న కార్డు లాంటి ఎస్‌ఎస్‌డీ పట్టే చోటు) ఉన్న ల్యాప్‌టాప్ అయితే అది సాటాదా, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈదా అని ముందే అడగండి. రెండు గాట్లున్న కార్డు చాలావరకు సాటా, ఒకే గాటున్నది ఎన్‌వీఎంఈ. స్లాట్‌లో పట్టినంత మాత్రాన పని చేస్తుందని లేదు. బిగించాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డిస్కు ఆరోగ్యం చూపే ప్రోగ్రాం) తెరిపించి పవర్ ఆన్ అవర్స్, అంటే డిస్కు ఎన్ని గంటలు నడిచిందో చూడండి. కొత్త డిస్కులో అది ఒకట్లలో ఉండాలి, వందల్లో ఉంటే వాడిన సరుకు. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోకపోతే వారంటీ మాట మరిచిపోవచ్చు.

ఇక అసలు గొడవ. షాపువాళ్లు “మీ ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి” అన్నారంటే క్లోనింగ్, అంటే పాత డిస్కుకు అచ్చు నకలు, చేస్తున్నారని అర్థం. పాత డిస్కు ఎంబీఆర్ (పార్టిషన్లు రాసుకునే పాత పద్ధతి)లో ఉంటే ఆ లెగసీ బూట్ (మెషీన్ లేచే పాత తీరు), ఏళ్ల నాటి చెత్త, వైరస్ ఉంటే వైరస్ కూడా యథాతథంగా కొత్త డిస్కులోకి దిగుతాయి. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 11కి యూఈఎఫ్ఐ (మెషీన్ లేచే కొత్త తీరు), సెక్యూర్ బూట్ (లేచేటప్పుడు దొంగ ప్రోగ్రాంలను ఆపే కాపలా), టీపీఎం 2.0 (తాళంచెవులు దాచే భద్రతా చిప్) కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే. అంతకంటే పాత మెషీన్లలో రూఫస్‌ (విండోస్ పెన్‌డ్రైవ్ తయారుచేసే ప్రోగ్రాం)తో అడ్డదారిన 11 ఎక్కించవచ్చు. నడుస్తుంది కూడా, కానీ అప్‌డేట్లకు మైక్రోసాఫ్ట్ పూచీ లేదు. ఆ సంగతి ముందే చెప్పి ఎక్కించే షాపు మంచి షాపు. మెషీన్ తీసుకునే ముందు msinfo32 అని కొట్టి ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిచి బయాస్ మోడ్ దగ్గర లెగసీ అని ఉందా, యూఈఎఫ్ఐ అని ఉందా చూసుకోండి.

సరైన పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ దించాలి (అందులో ఉన్నవన్నీ పోతాయి). పాత డిస్కు కనెక్షన్ పూర్తిగా పీకేయాలి. డెస్క్‌టాప్‌లలో ఇక్కడే దెబ్బతింటారు: రెండు డిస్కులూ తగిలించి ఉంటే బూట్ ఫైళ్లు పాతదాంట్లో పడి, విండోస్ మాత్రం కొత్తదాంట్లో కూర్చుంటుంది. పాతది తీసిన రోజు మెషీన్ లేవదు. హెచ్‌పీలో ఎఫ్9, డెల్, లెనోవోలో ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్ఐ పేరుతోనే ఎంచుకోవాలి. డిస్కు ఎంబీఆర్ అని ఇన్‌స్టాలర్ మొరాయిస్తే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి డిస్క్‌పార్ట్‌ (డిస్కును సర్దే కమాండ్)లో ఆ డిస్కును సెలెక్ట్ చేసి ‘క్లీన్’ (అంతా తుడిచేస్తుంది), ఆ తర్వాత ‘కన్వర్ట్ జీపీటీ’ (ఎంబీఆర్ బదులు కొత్త పద్ధతి). అన్‌అలొకేటెడ్ (ఇంకా పార్టిషన్ చేయని) స్థలం మీద పెట్టి నెక్స్ట్ కొడితే మిగతా పార్టిషన్లు అదే చేసుకుంటుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లలో యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు ఈ పని మొదలుపెట్టొద్దు.

పదకొండో తరం, ఆ పైన ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనబడకపోవచ్చు. డిస్కు చెడిపోలేదు, వీఎండీ (డిస్కులను నడిపే ఇంటెల్ ఏర్పాటు) డ్రైవర్ లేదు. తయారీ కంపెనీ సైట్ నుంచి ఆ డ్రైవర్ దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ‘లోడ్ డ్రైవర్’ కొట్టడం పద్ధతి. బయాస్‌ (విండోస్ కంటే ముందే నడిచే సెట్టింగులు)లో వీఎండీ ఆపేయడం షాపుల షార్ట్‌కట్. ఎప్పుడో బయాస్ డిఫాల్ట్‌కు వెళ్లిందంటే బ్లూ స్క్రీన్ ఖాయం.

సి 100 జీబీ, మిగతాది డి అని కోయడం హార్డ్ డిస్కు రోజుల అలవాటు. ఎస్‌ఎస్‌డీకి దానివల్ల ఒరిగేదేం లేదు, సి నిండి అప్‌డేట్లు ఆగడం తప్ప. అన్నిటికన్నా చేటైనది యాక్టివేటర్, అంటే లైసెన్స్ లేకుండా విండోస్‌ను దొంగదారిన నడిపించే ప్రోగ్రాం. లైసెన్స్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌కు డిస్కు మార్చినా అదే ఎడిషన్ ఎక్కిస్తే కీ అక్కర్లేదు, లైసెన్స్ మదర్‌బోర్డుకు అంటుకుని ఉంటుంది. ‘కీకి వేరే ఛార్జీ’ అంటే ఎందుకో అడగండి. డిఫెండర్‌ను ఆపి మరీ ఏదో నడుపుతుంటే అక్కడే ఆపించండి.

మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగే దగ్గర మాత్రం కుర్చీలో మీరే కూర్చోవాలి. విండోస్ 11 కొత్త వెర్షన్లు డిస్కును వాటంతట అవే ఎన్‌క్రిప్ట్ చేస్తాయి (కీ లేకుండా చదవలేకుండా తాళం వేస్తాయి), 48 అంకెల రికవరీ కీ మొదట లాగిన్ అయిన అకౌంట్‌కు వెళ్తుంది. షాపు కుర్రాడు తన మెయిల్‌తో లాగిన్ అయితే మీ ఇంటి తాళం అతని జేబులో ఉన్నట్టే.

టాలీ వాడే రొయ్యల, బియ్యం వ్యాపారులు పాత డిస్కు తీయకముందే లైసెన్స్ సరెండర్ చేసి (పాత మెషీన్ సెటప్ నుంచి వెనక్కి ఇచ్చి), డేటా ఫోల్డర్ కాపీ తీసుకోవాలి. డీటీపీ సెంటర్ల వాళ్లు అను ఫాంట్లు, స్క్రిప్ట్ మేనేజర్ సెటప్ దాచుకోవాలి. అవి యూనికోడ్ కాదు గనుక ఫాంటు లేకపోతే పాత ఫైల్లో తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలే కనబడతాయి. పాత డిస్కు షాపులో వదిలి రావద్దు. యూఎస్‌బీ కేసులో పెట్టించుకుని, నెల రోజులైనా ఫార్మాట్ చేయకుండా ఉంచండి. ఏ ఫైలు మర్చిపోయారో అప్పటికి గానీ తెలియదు.