సముద్రం వెళ్ళిపోయిన తీరంలో ఆరు రోజులు

ఉజ్బెకిస్తాన్ వాయవ్య భాగంలో, నుకుస్ నగరానికి సమీపంలోని ఖోజెయ్లి దగ్గర మిజ్దాఖాన్ అనే ప్రాచీన శ్మశానవాటిక ఉంది. అందులో ఖలీఫా ఎరెజెప్‌దిగా చెప్పుకునే సమాధి మందిరం పైకప్పు కూలిపోయి మొండిగోడలతో నిలిచి ఉంది. ఆ గోడల నుంచి ఏడాదికి ఒక ఇటుక రాలుతుందని, చివరి ఇటుక రాలిన నాడు ప్రపంచం అంతమవుతుందని అక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. అందుకే వచ్చినవాళ్ళు రాలిన ఇటుకలను ఏడేసి చొప్పున ఒకదానిపై ఒకటి పేర్చి వెళతారు. మేము వెళ్ళిన ఉదయం ఒక వృద్ధ దంపతులు మా ఎదుటే అలా ఏడు ఇటుకలు పేర్చి, అరచేతులతో ముఖం తుడుచుకుని, నిదానంగా దిగువకు నడిచిపోయారు. ఈ మనుషులను చూడటానికే ఇంత దూరం వచ్చామని నాకు అక్కడే తెలిసింది.

ప్రళయం తరువాత మిగిలిన మనుషుల గురించి కల్పించిన కథలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువగా నీటికోసం, తిండికోసం మనిషి మనిషిని చంపుతాడు. ఉజ్బెకిస్తాన్‌లోని కరకల్పక్‌స్తాన్ అనే ఈ స్వయంప్రతిపత్తి గల రిపబ్లిక్‌లో ప్రళయం నిజంగానే వచ్చింది, అదీ ఒక మనిషి జీవితకాలంలోనే వచ్చి వెళ్ళింది. 1960 నాటికి అరల్ సముద్రం సుమారు 68,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో ప్రపంచంలోని సరస్సులలో నాలుగో స్థానంలో ఉండేది. దానిని నింపే అము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని సోవియట్ ప్రణాళికలు పత్తి పొలాలకు మళ్ళించాయి. 1980ల చివరికి సముద్రం రెండు ముక్కలైంది, 2014లో దక్షిణ ముక్కలోని తూర్పు భాగం మొత్తం ఎండిపోయింది. అంతకుముందు కరకల్పక్ జనం పశువులను మేపుకుంటూ, చేపలు పడుతూ, అము దర్యా పాయలు దారి మార్చినప్పుడల్లా తామూ దారి మార్చుకుంటూ బతికిన అర్ధ సంచార జాతి. నీటివెంట తిరగడమే బతుకైన వాళ్ళకు, నీరే లేకుండా పోయాక ఎటు వెళ్ళాలన్నది నాకు మొదటి నుంచీ ఉన్న ప్రశ్న. మా ప్రయాణంలోని చోట్లనూ, బసలనూ ఆ ప్రశ్నకు ఎంత దగ్గరగా తీసుకెళ్ళాయన్న కొలతతోనే ఇక్కడ అంచనా వేస్తున్నాను.

నుకుస్ చేరడం కష్టం కాదు. తాష్కెంట్ నుంచి విమానంలో రెండు గంటల లోపే చేరవచ్చు, రైలులో అయితే రాత్రంతా గడిచి మరునాడు కొంత పగలు కూడా పడుతుంది. మాకు రైలే నచ్చింది, ఎందుకంటే పచ్చని పొలాలు పలుచబడి, నేల తెల్లబడి, చివరికి ఉప్పు పేరుకున్న బీడుగా మారడం కిటికీలోంచే కనిపించింది. ఈ-వీసాకు ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి. బస చేసిన ప్రతిచోటా ఇచ్చే నమోదు చీటీని యాత్ర ముగిసేదాకా దాచుకోవాలి. నుకుస్‌లో మేము దిగిన హోటల్ శుభ్రంగానే ఉంది కానీ, ముందుగా ఒప్పుకున్న ధరలో అల్పాహారం లేదని వెళ్ళేరోజు చెప్పి అదనంగా వసూలు చేశారు. ఆ ఒప్పందం కాగితం మీద రాయించుకోకపోవడంతో మేము వాదించలేకపోయాము.

నుకుస్‌లో ఒక రోజంతా ఉండవలసింది సావిత్స్కీ మ్యూజియం కోసం. ఈగొర్ సావిత్స్కీ 1950లో ఖొరెజ్మ్ ప్రాంతపు ప్రాచీన స్థలాలను తవ్వే పురావస్తు బృందంతో చిత్రకారుడిగా ఇక్కడికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, 1966లో ఈ మ్యూజియాన్ని స్థాపించాడు. సోవియట్ ప్రభుత్వం మెచ్చని రష్యన్ అవాంగార్డ్ (పాత పద్ధతులను కాదన్న ప్రయోగాత్మక కళ) చిత్రాలను అధికారుల కళ్ళకు దూరంగా ఈ ఎడారి నగరానికి చేర్చాడని అందరూ ఆ చిత్రాల కోసమే వస్తారు. నేను మాత్రం కరకల్పక్ జానపదుల వస్తువుల గదులను వదలలేకపోయాను. గుడారాన్ని చుట్టి బిగించే నేత పట్టీలు, వెండి ఆభరణాలు, నీలిరంగు గుడ్డమీద ఎర్రదారంతో కుట్టిన పెళ్ళి దుస్తులు అక్కడ ఉన్నాయి. ఇల్లంతా మడిచి ఒంటె మీద వేసుకుని పోయే జాతి, మోయవలసిన ప్రతి వస్తువునూ అందంగా చేసుకున్నదని అవి చూస్తే అర్థమవుతుంది. మ్యూజియంలో ఇంగ్లీషు మాట్లాడే గైడ్ దొరుకుతారు. ఆ రుసుముకు వెనకాడవద్దు, ఎందుకంటే వస్తువుల పక్కన ఉన్న వివరణలు చాలా తక్కువ.

నుకుస్ నుంచి మొయ్‌నాక్‌కు సుమారు 200 కిలోమీటర్లు. రోడ్డు కొన్నిచోట్ల నున్నగా, కొన్నిచోట్ల గతుకులుగా ఉంటుంది. షేర్ టాక్సీలో మూడు గంటలు దాటి పట్టింది. మొయ్‌నాక్ ఒకప్పుడు రేవు పట్టణం. అరల్‌లో ఏటా 40,000 టన్నులకు పైగా చేపలు పట్టిన కాలంలో ఇక్కడి డబ్బాల కర్మాగారం దేశమంతటికీ చేపలు పంపేది. సముద్రం వెనక్కి పోయాక కూడా పనివాళ్ళు వీధిన పడకూడదని దూర సముద్రాల నుంచి గడ్డకట్టిన చేపలను తెప్పించి కొన్నేళ్ళపాటు ఆ కర్మాగారాన్ని నడిపారు. ఇప్పుడు ఊరి చివర గట్టు మీద స్మారక స్తంభం, గట్టు కింద ఇసుకలో వరుసగా తుప్పుపట్టిన ఓడలు ఉన్నాయి. 2010లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ వచ్చి చూసి దిగ్భ్రాంతి చెందినది ఈ చోటునే.

ఓడలను చూడటానికి ఒక గంట చాలు. ఇలా అనడం కొందరికి నచ్చకపోవచ్చు. ఆ ఓడలను ఎవరూ నీరు తగ్గి చిక్కుకుపోయిన చోటనే వదలలేదు, వచ్చేవాళ్ళు చూడటానికి వీలుగా గట్టు కిందికి తెచ్చి వరుసలో నిలబెట్టారు. వాటి పక్కన ఫొటోలు దిగుతున్నవాళ్ళలో చాలామంది ఊళ్ళోకి తొంగి చూడకుండానే తిరిగి జీపులెక్కడం చూసి నాకు బాధ కలిగింది. ఓడ నీడలో ఆరేడు మేకలు పడుకుని నెమరువేస్తున్నాయి. వాటి వెంట వచ్చిన కుర్రవాడు ఒక ఓడ గొలుసు మీద కూర్చుని మాకేసి చెయ్యి ఊపాడు. ఆ గంటలో నాకు గుర్తుండిపోయింది అదే.

మరునాడు జీపులో, ఎండిన సముద్రం మీద ఏర్పడిన అరల్‌కుమ్ ఎడారి దాటి పశ్చిమ తీరానికి వెళ్ళాము. రెండు రోజులకు ఒక జీపుకు కొన్ని వందల డాలర్లు అవుతుంది కాబట్టి నలుగురు కలిస్తేనే భరించగలరు. మాకు టూర్ కుదిర్చినవారు రెండు బండ్లు పంపుతామని చెప్పి ఒక్కటే పంపారు. మధ్యాహ్నం ఆ ఒక్కటీ ఉప్పు బురదలో ఇరుసుదాకా దిగబడినప్పుడు, లాగడానికి రెండో బండి లేక రెండున్నర గంటలు చెలకపారతో తవ్వుకున్నాము. రెండు బండ్లు కళ్ళతో చూసిన తరువాతనే బయలుదేరాలని గట్టిగా చెబుతున్నాను. డ్రైవరు మాత్రం ఒక్కమాట విసుక్కోకుండా పని చేసి, మధ్యలో నేల మీద గుడ్డ పరిచి, మాకు టీ పోసిన తరువాతనే తాను తాగాడు. దారి పొడవునా సాక్సౌల్ మొక్కలు నాటిన చాళ్ళు కనిపిస్తాయి. 2018 చివరి నుంచి ప్రభుత్వం వీటిని పెద్ద ఎత్తున నాటిస్తోంది. ఆకు లేని ఈ పొద వేరు లోతుకు దిగి ఇసుకను పట్టి ఉంచుతుంది. ఎండిన సముద్రగర్భంలోని ఉప్పూ, పొలాల నుంచి కొట్టుకొచ్చిన పురుగుమందుల అవశేషాలూ గాలికి లేచి ఊళ్ళ మీద పడకుండా ఆపడానికి ఇక్కడ కనిపిస్తున్న అడ్డు అదొక్కటే.

తీరంలోని గుడారాల శిబిరం మీద నాకు మిశ్రమ అభిప్రాయం ఉంది. సూర్యోదయం వేళ ఉస్త్యూర్త్ పీఠభూమి అంచు మీద నుంచి ఆ నీలి నీటిని చూడటం మాటలకు అందదు. కానీ నీరు సాధారణ సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పగా ఉంటుంది. ఒడ్డున మోకాలి లోతు బురద ఉంటుంది, దిగితే శరీరం తేలుతుంది, బయటకు వచ్చాక చర్మం మీద తెల్లటి పొర కట్టి మంటపుడుతుంది. కడుక్కోవడానికి మంచినీరు మనిషికి రెండు చెంబులే ఇచ్చారు, ఎందుకంటే ప్రతి చుక్కా ట్యాంకరులో రావాలి. కరెంటు సాయంత్రం కొన్ని గంటలు జనరేటరు మీద ఉంటుంది. ఆ గుడారాలు పూర్తిగా అతిథుల కోసమే, పనివాళ్ళు వెనుక ఒక ఇనుప బండిలో పడుకుంటున్నారు. సంచార జీవితాన్ని చూడటానికి వెళ్ళేవారు ఈ సంగతి ముందే తెలుసుకుని వెళ్ళాలి. ఒక రాత్రి ఉండండి, రెండో రాత్రి అక్కరలేదు.

తిరుగుదారిలో సుదోచ్యె సరస్సునూ, దాని ఒడ్డున జనం వదిలిపోయిన ఉర్గ అనే జాలరి పల్లెనూ చూశాము. సోవియట్ కాలంలో జీవాయుధాలు పరీక్షించిన వొజ్రొజ్దేనియా అనే పాత దీవికి మాత్రం వెళ్ళలేదు. 1992లో దానిని వదిలేశారు, ఆంత్రాక్స్ వ్యాధి క్రిములను పూడ్చిన గోతులను 2002లో శుద్ధి చేశారు, అయినా అక్కడికి వెళ్ళమని ఎవరికీ చెప్పను.

మొయ్‌నాక్‌లో మేము రెండు రాత్రులు ఒక ఇంట్లో ఉన్నాము. ఈ యాత్రలో మా డబ్బుకూ, కాలానికీ అన్నిటికంటే విలువ దక్కినది ఆ బసలోనే. మరుగుదొడ్డి పెరటి చివర ఉంటుంది, స్నానానికి వేడినీళ్ళు బకెట్టులో ఇస్తారు, పడక నేల మీద బొంతలపైన. కుళాయి నీరు ఉప్పగా ఉంటుంది కాబట్టి తాగే నీటిని నుకుస్ నుంచే తెచ్చుకోవాలి. శాకాహారులకు రొట్టె, టమాటాలు, దోసకాయలు, పుచ్చకాయ తప్ప ఎక్కువ దొరకవు. మాంసం తినేవారికి జువేరి గుర్తిక్ పెడతారు. జొన్నపిండి ముద్దలను మాంసం పులుసులో ఉడికించే వంటకమిది. ఆ వాసన తగిలేసరికి మా నలుగురికీ ఒక్కసారిగా ఇల్లు గుర్తుకు వచ్చింది. రొట్టెను బోర్లా పెట్టకూడదు. టీ గిన్నెను సగమే నింపితే అవమానం అనుకోవద్దు. మళ్ళీ మళ్ళీ పోయడానికి వీలుగా తక్కువ పోయడమే అక్కడ గౌరవం.

ఇంటి పెద్దావిడను అందరూ అపా అంటారు, మేమూ అలాగే పిలిచాము. అనువాదానికి ఆవిడ మనవరాలు కూర్చుంది. తన చిన్నప్పుడు వాకిట్లో నిలబడితే అలల చప్పుడు వినిపించేదని, తండ్రి చేపలు పట్టేవాడని, తాను పెళ్ళయ్యాక డబ్బాల కర్మాగారంలో పనిచేశానని ఆవిడ చెప్పింది. కొడుకులు ఇద్దరూ కజకిస్తాన్‌లో కూలి పనికి వెళ్ళారు. తండ్రి వల ఇప్పటికీ ఉంది. పశువుల కొట్టం మీద ఆరబెట్టిన గడ్డి గాలికి ఎగిరిపోకుండా దానిని కప్పి, నాలుగు మూలలా రాళ్ళు కట్టారు. ఉదయం కిటికీ గట్టు మీద రాత్రి పడిన తెల్లటి పొడిని ఆవిడ తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను నాకు చూపించింది. నేను వేలితో అంటి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. ఈ ఊరు విడిచి నుకుస్ వెళ్ళాలని అనిపించలేదా అని అడిగాను. సముద్రం వెళ్ళిందని మేమూ వెళ్ళిపోతే అది తిరిగి వచ్చినప్పుడు ఎవరూ ఉండరు కదా అన్నది. ఆ మాట వినగానే నాకు కళ్ళు చెమర్చాయి.

ఆ ఇంటి పెరట్లో కరా ఉయ్ ఉంది. కరా ఉయ్ అంటే నల్ల ఇల్లు, కరకల్పక్ గుడారం. చలికాలం మట్టి ఇంట్లో, వేసవి పెరట్లో వేసిన గుడారంలో గడపడం ఇక్కడి పాత పద్ధతి. సెప్టెంబరు చివర కావడంతో దానిని విప్పే రోజు మేము అక్కడే ఉన్నాము. బలం కావాలి రమ్మని అపా మమ్మల్ని కూడా పిలిచింది. ముందుగా పట్టీలు సడలించి, ఉన్నితో ఒత్తిన దట్టమైన కప్పులను ఒక్కొక్కటిగా దించి దులిపి చుట్టారు. తరువాత ఎర్రరంగు పూసిన కప్పు కర్రలను వరుసగా తీసి కట్ట కట్టారు. వాటన్నిటినీ పట్టి నిలిపే పై చక్రాన్ని షంగరాక్ అంటారు. చివరి కర్రలు తీసేవేళ పక్కింటి ఇద్దరు మగవాళ్ళు పొడవాటి గుంజతో దానిని కింద నుంచి ఎత్తి పట్టుకుని నెమ్మదిగా అపా చేతులలోకి దించారు. ఆ తరువాత జల్లెడలా అల్లిన గోడలను ఒకదాని మీద ఒకటి మడిచారు. మొత్తం పని గంటన్నరలో అయిపోయింది, పెరట్లో గుండ్రటి పాలిపోయిన నేల మాత్రం మిగిలింది.

అపా ఆ చక్రానికి పట్టిన దుమ్మును పైట చెంగు వంటి తలగుడ్డ కొసతో తుడిచి, రంధ్రాలలో ఇరుక్కున్న ఉప్పును వేలిగోటితో తీసి, కొట్టంలో వల పక్కన గోడకు ఆనించింది. మేము మధ్యాహ్నం టాక్సీకి బయలుదేరేటప్పుడు ఒక రొట్టెను గుడ్డలో చుట్టి ఇచ్చి, మే నెలలో దీనిని మళ్ళీ వేస్తామని, అప్పుడు నలుగురు మనుషులు తక్కువవుతారని మనవరాలి చేత చెప్పించింది.