పేరు ఫ్రేము: చెక్కపని బావుంది, అర్థం మాత్రం మీరే రాసివ్వండి

విజయనగరం గంటస్తంభం దగ్గర పిల్లల పేర్లు చెక్కతో కోసి ఫ్రేము కట్టిచ్చే చిన్న షాపు ఉంది. మా చెల్లి కూతురి జ్ఞానస్నానానికి మేనమామ కానుకగా అక్కడే చేయించాను. పాప పేరు సిసీలియా. పన్నెండు వందలు తీసుకున్నారు.

పనితనానికి వంక పెట్టలేను. తెలుగు అక్షరాలు కోసేటప్పుడు గుడిదీర్ఘం దగ్గర చెక్క విరుగుతుంది, లేకపోతే మొద్దుగా వస్తుంది. వీళ్లు 'సీ'ని ఎంత నున్నగా తీశారో! అంచులన్నీ సాండ్‌పేపర్‌తో రుద్దారు, పసిపిల్ల చెయ్యి పెట్టినా గీసుకోదు.

ఇబ్బందల్లా పేరు కింద వేసే అర్థంతోనే. ఫోన్‌లో వెతికి మొదట కనిపించింది వేసేస్తారు. మాకు 'సిసీలియా: గుడ్డిది' అని వచ్చింది. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "పసిదానికి ఇలా రాయడమేటి బాబూ" అంది.

మూలంలో ఆ మాట ఉన్నది నిజమే. లాటిన్‌లో 'కైకుస్' అంటే గుడ్డి. దాన్నుంచి కైకిలియుస్ అనే రోమన్ వంశం పేరు వచ్చింది, ఆ ఇంటి ఆడపిల్లలు కైకిలియాలు. అంటే మన ఇంటిపేరు లాంటిదన్నమాట. క్లాడియా కూడా అంతే, 'కుంటి' అనే మాట నుంచి వచ్చిన వంశం పేరే. కానీ మేం పెట్టుకున్నది పునీత సిసీలియమ్మను తలచుకుని. తన పెళ్లిలో వాయిద్యాలు మోగుతుంటే ఆమె మనసులోనే దేవునికి పాడుకుందని చెప్తారు. అందుకే సంగీతానికి పాలక పునీతురాలైంది. రోములో 1585లో మొదలైన సంగీత అకాడమీకీ ఆమె పేరే. నవంబరు 22 ఆమె పండుగ, మా పాప పుట్టింది ఆ వారంలోనే. 1919 నుంచీ సంగీత కళాశాల ఉన్న ఊళ్లో పుట్టిన పిల్లకి ఈ పేరు కుదిరినందుకు మా ఇంట్లో అందరికీ ఎంతో సంతోషం.

షాపాయన ఇదంతా విసుక్కోకుండా విన్నారు. ఇంగ్లీషువాళ్ల షీలా కూడా ఐరిష్ నోళ్లలో మారిన సిసీలియానే అంటే ఆశ్చర్యపోయి, ఆ పేరుతో చేసిన ఫ్రేము ఒకటి తీసి చూపించారు. కింద ముక్క తీసేసి 'సంగీత పునీతురాలి పేరు' అని మళ్లీ కోసిచ్చారు, పైసా అదనంగా అడగలేదు. జ్ఞానస్నానం ముందురోజు రాత్రికి గానీ చేతికి రాలేదు, ఆ టెన్షన్ మాత్రం పడాల్సి వచ్చింది.

మీరు చేయిస్తే అర్థం కాగితం మీద రాసివ్వండి, కోసేముందు ఒకసారి చూపించమనండి. వెనక కొక్కెం ఒకటే వేస్తున్నారు. ఫ్రేము బరువుకి రెండు కావాలి, అడిగితే వేస్తారు.